డోన్ నుంచి తెచ్చిన బహుమానం

బస్సు వెల్దుర్తి దాటుతుండగా ఫోను మోగింది. మా వీధి కాఫీపొడి అంగడి పెద్దాయన, నేను చిన్నాయనా అని పిలిచే మనిషి, పోయారు. చెప్పింది ఆయన భార్య. "ఇప్పుడే పోయినాడమ్మా మీ చిన్నాయన" అని ఒక్క మాట అని పెట్టేసింది. నా ఒళ్లో పాత చీర ముక్కలో చుట్టిన కొయ్య పిడి ఉంది. ఆయన చేతిలో పెట్టాలని డోన్ నుంచి తెస్తున్న బహుమానం అది. ఇంకో గంట ఆగితే ఏం పోయేది? ఎవర్ని తిట్టాలో తెలియక డ్రైవర్ని తిట్టాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు, చెయ్యెత్తిన చోటల్లా ఆపుకుంటూ వస్తున్నాడు.

నేను కర్నూలు వన్‌టౌన్‌లో జాకెట్లు కుట్టే మనిషిని. ఆయన అంగడి నా మిషను గదికి ఎదురుగానే. పొద్దున ఆయన గింజలు వేయిస్తే ఆ వాసనతోనే నాకు తెల్లవారేది. ఒకరోజు ఉండబట్టలేక వీధికి అడ్డంగా కేక వేశాను, "చిన్నాయనా, ఈపొద్దు మాడబెట్టినారు!" అని. నా నోరు అంతే, ఆగదు. ఆయన కోపం తెచ్చుకుంటారనుకున్నాను. బయటికొచ్చి రెండు చేతులూ జోడించారు. "నిజమేనమ్మా. రెండు నిమిషాలు ఎక్కువైనాది. కొనేవాళ్లు ఎవురూ కనిపెట్టలే. ఆదివారం మిద్దె మీదికి రా" అన్నారు.

మిద్దె మీద ఆయన నడిపే కాఫీ రుచుల సంఘం అట్లా తెలిసింది నాకు. పది పన్నెండు మందిమి. ఆదివారం సాయంత్రం చక్కెర లేని కాఫీ చప్పరించి వాదులాడుకోవడమే మా పని. ఏడాదికోసారి పోటీ. ఐదు లోటాల్లో కాఫీ పోసి, లోటా అడుగున సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. ఎందులో చికోరి కలిసింది, ఏది మాడింది, ఏది పాత పొడి అని చెప్పాలి. తీర్పు ఆయనదే. బహుమానం ఎంచేదీ ఆయనే.

ఆ ఎంపిక చూసి తీరాలి. సంఘంలో రిటైరైన రైల్వే గార్డు ఒకాయన ఉన్నారు. నేను చేరినాక పోటీ పెట్టిన మొదటి ఏడు ఆయనే షీల్డు తెప్పిద్దామన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు. "షీల్డు ఎందుకప్పా, బీరువా మీద దుమ్ము పట్టేదానికా? గెలిచినోళ్లకు ఏం లేదో ఏడాదంతా చూస్తాండాల. అప్పుడు ఏమియ్యాల్నో అదే తెలుస్తాది" అన్నారు. ఆ ఏడు గెలిచింది ఆ గార్డుగారే. ఆయన ఫ్లాస్కుకు మూత పోయి, గుడ్డ కుక్కుకుని తిరిగేవారు. పెద్దాయన ఎన్ని అంగళ్లు తిరిగారో ఏమో, సరిగ్గా దానికి పట్టే మూత తెచ్చి ఇచ్చారు. "కొత్త ఫ్లాస్కే ఇచ్చుంటే పోయేది కదా" అన్నాను నేను. "దాన్ని ముప్పై ఏండ్లు రైల్లో మోసినాడమ్మా ఆయన. కొత్తది ఇస్తే, పాతది పారేయప్పా అన్నట్టుండదా?" అన్నారు. గార్డుగారు ఆ మూతను పిల్లాడిలా తిప్పుతూ బిగిస్తూ కూర్చున్నారు.

నేను గెలిచిన ఏడు నాకు వేపచెక్క పీట ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది. "ఏం చిన్నాయనా, నాకు పీటనా?" అని అందరి ముందే అడిగేశాను.

"వచ్చినప్పట్నుంచి చూస్తాండా. ఒక్కపూటన్నా కూచోని తాగినావా? ఒక కాలు ఈడ, ఒక కాలు మిషను కాడ. నిలబడి మింగేదాన్ని కాఫీ అనరమ్మా. కూచో."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పీట తీసుకుపోయి దాని మీద కుట్టాల్సిన బట్టలు పేర్చుకున్నాను. మూడేళ్లు అది బట్టలే మోసింది.

ఈ ఏడు పోటీకి ముందే ఆయన కిడ్నీలు చెడి ఆస్పత్రిలో పడ్డారు. "ఈతూరి బహుమానాలు నువ్వు ఎంచు" అని నాకే చెప్పారు. ఇంక రెండు మూడు రోజులే అని డాక్టరు చెప్పిన నాడు సంఘమంతా కూడి, ఆయనకే ఒక బహుమానం ఇవ్వాలనుకున్నాం. ఇన్నేళ్లలో ఆయనకు ఎవరూ ఏమీ ఇచ్చింది లేదు. మావాళ్లు శాలువా అన్నారు. నేను లేచి పోట్లాడాను. అందరికీ ఏం లేదో చూసి ఇచ్చిన మనిషికి శాలువానా? నేను తెస్తాను, నాకు వదిలేయండి అన్నాను.

ఆయనకు ఏం లేదు? ఆ రాత్రంతా అదే నా తలలో తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది. కరెంటు మిషను రాకముందు వాళ్ల నాయన కాలం నుంచి చేత్తో తిప్పే డ్రమ్ములో గింజలు వేయించేవారట. "దాని పిడి మా నాయన చెయ్యి పట్టి అరిగిపోయింటాది. డోన్‌లో శనగలు వేయించే ఆయనకు ఇచ్చేసినా. శానా తప్పు చేసినా" అని ఒకసారి అన్నారు. అది తెచ్చి చేతిలో పెడితే లేచి కూర్చుంటారని నాకొక పిచ్చి నమ్మకం పట్టుకుంది. దేవుడికి కూడా అంతగా మొక్కలేదు నేను.

తెల్లారగానే ఆస్పత్రికి పోయాను. ముక్కుకు గొట్టం, మనిషి సగమయ్యారు. మంచం పక్కన ప్లాస్టిక్ స్టూలు ఉంది. దాని మీద చెయ్యి వేసి తట్టారు.

"కూచోమ్మా."

"కూచునే టైమా ఇది చిన్నాయనా? డోన్‌కు పోతాండా. మీకొకటి తేవాల."

"ఏం వద్దు. రవ్వంత సేపు కూచో."

"వచ్చినాక కూచుంటాలే" అని గుమ్మం దగ్గర్నుంచే చెప్పి బస్టాండుకు పరుగెత్తాను.

డోన్‌లో ఆ శనగలాయన దొరికారు. డ్రమ్ము కూడా ఉంది, మంట మీద తిరుగుతూ. ఇమ్మంటే ఆయన బిత్తరపోయారు. "ఎట్లిచ్చేదక్కా? నా సంసారమంతా దీని మీదే ఉండాది." నాకు వీధిలోనే ఏడుపు వచ్చేసింది. పోయే ప్రాణం ముందు పెట్టాల అన్నా, పిడైనా ఇయ్యి అని అడుక్కున్నాను. ఆయన మంట ఆర్పి, సుత్తితో పిడి ఊడగొట్టి నా చేతిలో పెట్టి, వట్టి ఇనుపకడ్డీకి గోనెపట్ట చుట్టుకున్నారు. "పో అక్కా, బస్సు తప్పుతాది" అన్నారు. పిడి ఇంకా వెచ్చగా ఉంది.

నేను చేరేసరికి ఇంటి ముందు పడుకోబెట్టి ఉన్నారు. మా సంఘంవాళ్ల శాలువా మెడ దాకా కప్పి ఉంది. నేను ఆయన తల దగ్గర కూలబడి చీర ముక్క విప్పాను. ఆయన భార్య పిడిని గుర్తుపట్టింది. ఒకసారి నిమిరి, మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"నువ్వు పోయినాక రెండుతూర్లు అడిగినాడమ్మా, ఆ పాప కూచునిందా అని. కండ్లు తెరిసేంత శక్తి లేదు ఆయనకు. కూచునింది, నీ పక్కనే ఉండాది అని అబద్ధం చెప్పినా."

ఆ మాట విన్నాక నేనెట్లా బతికి ఉన్నానో నాకే తెలియదు. ఆయనకు లేనిదేమిటో ఆయనే నోరు తెరిచి చెప్పారు. ఒక్కసారి కాదు, రెండుసార్లు. నేను దాన్ని వెతుక్కుంటూ డోన్ పోయాను. నా తొందర పాడుగాను!

గార్డుగారు పోటీ ఎప్పుడని అడుగుతున్నారు. బహుమానాలు ఎంచమని నన్నే అడుగుతున్నారు. ఎవరికేం ఇచ్చేది, కళ్లెదుట ఉన్నదే చూడలేనిదాన్ని?

పీట మీది బట్టలన్నీ తీసేశాను. పొద్దున దాని మీద కూర్చునే కాఫీ తాగుతున్నాను. ఎదురుగా అంగడి తలుపులు మూసే ఉంటున్నాయి, వీధిలో ఏ వాసనా లేదు. ఐదు లోటాల్లో ఏది మాడిందో చెప్పగల ముక్కు నాది. పిడి తీసి దగ్గర పెట్టుకుని గట్టిగా పీలుస్తాను. వేయించిన శనగల వాసన. చెయ్యి పట్టి అరిగిన ఆ పల్లం దగ్గర, అడుగున యాడన్నా కాఫీ మిగిలి ఉంటుందేమోనని తిప్పి, మళ్లీ పీలుస్తాను. శనగల వాసనే వస్తుంది.