మా బావమరిది చుట్టిన ఫ్యాను

మొన్న ఎండలు ముదిరిన వారంలో మా ఏలూరు ఇంట్లో వెనక గది ఫ్యాను కాసేపు మూలిగి, కమురు వాసన కొట్టి ఆగిపోయింది. వచ్చిన మెకానిక్ దాన్ని దింపి చూసి, కాయిల్ కాలిపోయిందనీ, ఈ రోజుల్లో వైండింగ్ ఎవరూ చేయించుకోవడం లేదనీ, పాత ఇనుము కింద ఇచ్చేసి కొత్తది కొనుక్కోమనీ చాలా మర్యాదగా చెప్పాడు. ఉద్యోగమంతా మోటారు వైండింగ్ నేర్పడంలోనే గడిపి రిటైరైనవాడితో ఆ మాట అంటున్నానని అతనికి తెలియదు, పాపం. నేనూ చెప్పలేదు. ఫ్యానును మంచం కింద పెట్టించాను గాని, అప్పటినుంచీ మనసు దాని చుట్టూనే తిరుగుతోంది.

నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో పనిచేస్తున్న రోజులవి. మా మామగారు కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డు ఊళ్లో మిషన్ బడికి హెడ్మాస్టరుగా చేసి దిగిపోయినవారు. ఆ ఊళ్లో సంతకం పెట్టగలిగిన ప్రతి చెయ్యీ ఆయన దిద్దించిందే. ఆయన ఒక్కగానొక్క కొడుకు, అంటే మా ఆవిడ తమ్ముడు, పదో తరగతి దాటలేదు. పండిత పుత్రుడని ఊరు నవ్వేది, అతనూ నవ్వేవాడు. చేపల చెరువుల మీద మోటార్లు చూసుకుంటూ, ఉన్నంతలో హాయిగానే బతికేవాడు. కొల్లేట్లో చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించిన ఏడాది మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ దెబ్బతో ఎందరికో పోయినట్టే అతని పనీ పోయింది.

కొన్ని నెలలు ఖాళీగా తిరిగి తిరిగి, చివరికి ఇద్దరు స్నేహితులతో కలిసి పక్క ఊరి చెరువు మీది మోటారు విప్పి, అందులోని రాగి తీగ లాగి అమ్ముకున్నాడు. దొరకడానికి ఒక్క పూట పట్టలేదు. విప్పిన బోల్టులన్నీ పోగుచేసి, కొబ్బరి చిప్పలో వేసి, గట్టు మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లాడు మహానుభావుడు. ఆ చుట్టుపక్కల బోల్టులు అలా దాచే అలవాటు అతనికి తప్ప ఇంకెవరికీ లేదు. దొంగతనం చేసిన చోట కూడా పనివాడి బుద్ధి పోనిచ్చుకోని మనిషి దొంగ ఎలా అవుతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ లంక ఊళ్లలో కట్టుబాటని ఒకటుండేది. ఊరి తగువు ఊళ్లోనే తీరాలి, పోలీసుల దాకా పోకూడదు. పెద్దలు కూర్చుని, ఇతణ్ణి నా దగ్గరికి పంపి వైండింగ్ నేర్పించాలనీ, నేర్చుకొచ్చాక ఆ చెరువు ఆసామి మోటార్లన్నీ ఊరికే బాగుచేసి పెట్టాలనీ తీర్మానించారు. ఆసామి కూడా ఒప్పుకున్నాడు. మోటారు విప్పడం వచ్చినవాడికి చుట్టడం నేర్పడం నాకెంత పని అని నేనూ సంతోషించాను. దాయాది చావగోరు, బావమరిది బతకగోరు అంటారు కదా, ఆ బంధుత్వం బావ వైపునుంచి కూడా అంతే.

ఒప్పుకోనిది మా మామగారొక్కరే. అంతకు కొన్నేళ్ల ముందు ఎవరో కూలివాళ్ల అబ్బాయి వలలు ఎత్తుకుపోతే, కట్టుబాటు పేరుతో తప్పులు కప్పెట్టకండని పెద్దలతో పోట్లాడి, అతణ్ణి స్టేషనుకు పంపించింది ఆయనే. ఇప్పుడు తన కొడుక్కి వేరే న్యాయం చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. పొద్దున్నే కొడుక్కి ఇస్త్రీ చొక్కా తొడిగించి, పరీక్షకు తీసుకెళ్లినట్టు బస్సెక్కించి, తనే పక్కన కూర్చుని కైకలూరు స్టేషనుకు తీసుకెళ్లారు. నేను ఎంత బతిమాలినా ఒకటే మాట అన్నారు.

"లోపలికెళ్తే నేర్చుకుంటాడండీ అల్లుడు గారూ. నేను నేర్పలేకపోయాను కదండీ."

శిక్ష అయ్యాక అతను ఇంటికి వెళ్లకుండా నేరుగా గూడెంలో మా దగ్గరికి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అన్నం తినేటప్పుడు కంచం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూసి మా ఆవిడ వంటింట్లోకి పోయి ఏడ్చింది. లోపల ఏం చేసేవాడివని అడిగితే, తల ఎత్తకుండానే చెప్పాడు.

"చాలా నేర్పారండీ బావగారూ. బతకడానికి పనికొచ్చేది మాత్రం ఎవరూ నేర్పలేదండీ."

నేను నేర్పాను. చెయ్యి తిరగడానికి ఎన్నాళ్లో పట్టలేదు. అప్పుడే మామగారింట్లో ఫ్యాను కాలిపోతే గూడెం తెచ్చాను. అతను కాలిన తీగ తీసేసి, కాగితం పెట్టి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, మధ్యలో నన్నొక చెయ్యి వెయ్యనివ్వలేదు. మళ్లీ తీసుకెళ్లి బిగించాక మామగారు ఎవరు చుట్టారని అడిగారు. మా ఆవిడ తమ్ముడి పేరు చెప్పింది. ఆయన పడక కుర్చీ వరండాలోకి లాక్కుని, చెమటలు కారుతున్నా అక్కడే కూర్చున్నారు. ఊరి నలుగురి ఎదుటా తన కొడుకని చెప్పుకునే రోజు వచ్చేదాకా ఆ గాలి వద్దనుకున్నారేమో.

ఆ రోజు రానివ్వలేదు. కొల్లేటి చుట్టూ ఎక్కడ మోటారు పోయినా పోలీసులు ముందు మా శిక్షణ కేంద్రానికే వచ్చేవారు. తీసుకెళ్లడం, ఇతను కాదని తేలాక వదిలెయ్యడం. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఏదో అనుకుంటున్నారండీ అని మా యజమాని నాతో మెత్తగా అన్న మాట అతని చెవిన పడింది. మర్నాడే బట్టలు సర్దుకుని దెందులూరులో ఒక షాపులో చేరాడు. అక్కడికీ పోలీసులు వచ్చారు. ఆ తర్వాత లోపల పరిచయమైనవాళ్లతో కలిశాడు. ఈసారి నిజంగానే దొంగతనం చేశాడు, పెద్ద జైలుకు వెళ్లాడు. విడుదలయ్యాడని తెలిసి వెతికాం. భీమవరం వైపు కనబడ్డాడంటే వెళ్లాం, అతను కాదు.

రెండోసారి శిక్ష పడిందని తెలిసిన రోజున మామగారు కుర్చీ లోపలికి తెచ్చుకుని ఆ ఫ్యాను కింద కూర్చున్నారు. పోయేదాకా అక్కడే. చలికాలంలో కూడా ఆపనిచ్చేవారు కాదు, కరెంటు పోతే ఆగిన రెక్కల వంకే చూస్తూ ఉండేవారు. పొరపాటు చేశానని ఎన్నడూ అనలేదు. అనకపోవడం చూస్తే నాకు గుండె తరుక్కుపోయేది. ఆయన పోయాక ఆ ఫ్యానును మా ఆవిడ ఏలూరు తెచ్చి వెనక గదిలో బిగించుకుంది.

ఇప్పుడు జైళ్లలోనే చేతిపనులు నేర్పుతున్నారని అంటారు. మంచిదే. మామగారు చెప్పిన మాట ఇన్నాళ్లకు నిజమవుతోందన్నమాట. మా రోజుల్లో కాలిన మోటారును ఎవరూ పారేసేవారు కాదు, ఎన్నిసార్లయినా చుట్టించుకునేవారు. మనిషి దగ్గరికి వచ్చేసరికే ఆ ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఫ్యాను ఎప్పుడు బాగుచేస్తారని మా ఆవిడ నిన్న అడిగింది. చేస్తానన్నాను. నాకు చేతకాక కాదు, కళ్లజోడు పెట్టుకుంటే ఇంకా తీగ కనబడుతుంది. కానీ కొత్త తీగ చుట్టాలంటే ముందు పాత చుట్లు కోసి లాగెయ్యాలి. అవి అతను వేసిన చుట్లు. మా ఆవిడకూ ఆ సంగతి తోచిందేమో, మంచం కిందికి వంగి ఫ్యాను మీద పాత దుప్పటి కప్పి వెళ్లింది.