తోసినవాణ్ణి వెతికిన మా అత్త

మా మేనత్త పోయిందని మంగళవారం పొద్దున నాన్న ఫోన్ చేశాడు. కర్నూలులో ఆమె ఒక్కతే ఉండేది. పాలు పోసే మనిషి తలుపు తట్టి తట్టి, ఎంతకీ తీయకపోతే పక్కింటివాళ్లను పిలిచిందట. "నిద్దట్లోనే పోయినట్టుండాది పాపా" అన్నాడు నాన్న. వెంటనే ఫోన్ పెట్టేశాడు. అక్కతో ఆయన మాట్లాడి ఏళ్లయింది.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. మైదుకూరు పక్క పల్లెలో పుట్టింది. పంతొమ్మిది వందల యాభైల్లో కరువొచ్చినప్పుడు తల్లి కొంగు పట్టుకుని, సత్తు గిన్నెతో గంజి కేంద్రం వరుసలో నిలబడ్డ పిల్ల. ఊరి అయ్యవారు పట్టుబట్టి చదివిస్తే బెంగళూరు దాకా పోయి ఇంజనీరయింది. పెళ్లయింది, పిల్లలు కలగలేదు. మామ పోయాక కర్నూలు వచ్చేసి, ఆస్పత్రి యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. అక్కడే నాకూ ఉద్యోగం ఇప్పించి, పని నేర్పింది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తప్ప ఆమె డబ్బాలో ఇంకేమీ ఉండేది కాదు. గిన్నె అంచు కూడా రొట్టెతో తుడిచి తినేది. ఎవరైనా "బహుశా ఇందువల్లేమో" అంటే కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసేది. "బహుశా అంటే నీకు తెల్దని. తెల్దని చెప్పు, సిగ్గేముండాది?" అనేది.

మేం చేసేది రోగి నరంలోకి మందును కొద్దికొద్దిగా పంపే పంపు. అందులో ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలం కెర్నెల్. అత్త పని దాని మీదే. ఒక ఎండాకాలం కడపలోని ఒక ఆస్పత్రిలో మా పంపు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆగినట్టు గంట కూడా మోగలేదు. ఆ మంచం మీద ఉన్నది ప్రసవమయ్యాక ఒళ్లంతా విషమెక్కిన ఒక పిల్ల. రక్తపోటు నిలబెట్టే మందు ఆ పంపులోంచే పోతోంది. ఎవరో చూసేసరికి ఆలస్యమైంది. పంపు ఆగకపోయినా దక్కేది కాదేమోనని డాక్టర్లు అన్నారు.

ఆ పంపును తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాం. పక్కన ఇంకొన్ని పెట్టి, మందు బదులు నీళ్లు పోసి బకెట్లలోకి నడిపించాం. ఎప్పుడో ఒకటి ఆగేది. ఆగిన ప్రతిసారీ తప్పు వేరే చోట కనబడేది. ఒకసారి తెర నడిపే భాగంలో, ఒకసారి మోటారు దగ్గర. మోటారు భాగం సరిచేస్తానని నేను లేచాను.

"పడినోణ్ణి పట్టుకోని కొడితే ఏమొస్తాది పాపా?" అంది అత్త. "తోసినోడు యాడుండాడో ఎతకల్ల."

అప్పుడు విడమరిచి చెప్పింది. కెర్నెల్ ప్రతి పనికీ మెమరీలో కొంత చోటు ఇస్తుంది. పని అయ్యాక ఆ చోటు వెనక్కి తీసుకుని ఇంకో పనికి ఇస్తుంది. ఏదో ఒక పని తన చోటు ఇచ్చేశాక కూడా అందులో రాస్తోంది. అప్పటికి ఆ చోటు వేరొకరిది. రాసినవాడికి ఏమీ కాదు. తర్వాతెప్పుడో తన చోటు చూసుకున్నవాడు కుప్పకూలుతాడు.

యజమాని రోజూ వచ్చి నిలబడేవాడు. "ఆగితే దానంతటదే మళ్లీ మొదలయ్యేట్టు పెట్టండి మేడం, సాలు."

"ఆ సందులో మనిషికి మందు ఎవురు పోస్తారప్పా?" అనేది అత్త, తల తిప్పకుండానే.

వెనక్కి వచ్చిన చోటును ఇంకెవరికీ ఇవ్వకుండా తాళం వేసింది. అందులో రాయబోయినవాడు అక్కడే దొరికిపోవాలని. వారాలు గడిచినా ఎవరూ దొరకలేదు. కరెంటు పోయేది, ఫ్యాన్లు ఆగేవి, ఆమె చీర వీపుకు అంటుకుపోయేది. చివరికి కడపకు పోయి ఆ వార్డులో పనిచేసే నర్సును అడిగాం. మీరు పంపును ఏమేం చేస్తారో అంతా చెప్పమంటే ఆమె, "ఏం చేస్తాం మేడం, గంట మోగినప్పుడల్లా బటన్ నొక్కి ఆపుతాంటాం" అంది.

మొదట్లో గంట మోగితే ఎప్పుడన్నా నొక్కేవాళ్లం గానీ, తాళం వేశాక బల్ల దగ్గర మేం ఆ బటన్ ఒక్కసారీ నొక్కలేదు.

కర్నూలు వచ్చాక అత్త కుర్చీ లాక్కుని కూర్చుని గంట మోగించడం, ఆపడం, మోగించడం, ఆపడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమే పంపు ఆగింది. తాళం వేసిన చోట రాయబోయినవాడి పేరు తెర మీదికొచ్చింది: గంట మోగించే భాగం. గంట ఆపగానే దాని చోటు వెనక్కి పోతోంది కానీ, దానికోసం అంతకుముందు పెట్టిన టైమర్ మాత్రం రద్దు కావడం లేదు. అది ఆలస్యంగా నిద్ర లేచి, తనది కాని చోట ఒక అంకె రాసిపోతోంది.

ఆ గంట భాగానికి ప్రోగ్రాం రాసింది అత్తే. కంపెనీలో చేరిన కొత్తలో.

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "నాదే" అంది. అంతే.

ఎవరికీ చెప్పకుండా సరిచేసి పంపుదామన్నాడు యజమాని. అత్త ఒప్పుకోలేదు. ప్రతి ఆస్పత్రికీ తనే ఫోన్ చేసి పంపులు పక్కన పెట్టమంది, ఎందుకో చెప్పింది. ఆ ఏడాదే కంపెనీ మూతపడింది. మా అందరి ఉద్యోగాలూ పోయాయి. దాంట్లో డబ్బు పెట్టిన నాన్న ఆమె గడప తొక్కడం మానేశాడు. ఆమె మళ్లీ ఎక్కడా పనికి పోలేదు. ఆ టైమర్ మాట నేనెత్తితే మాత్రం, మొదటి నుంచి మళ్లీ ఓపిగ్గా చెప్పేది, ఇంకెవరూ అట్లా రాయకూడదని.

కంపెనీ మూతపడకముందే ఒకరోజు నన్ను తోడు తీసుకుని బద్వేలు పోయింది. చనిపోయిన పిల్ల పుట్టిల్లు అక్కడే. వాకిట్లో ఆ పిల్ల తల్లి చెనక్కాయలు ఒలుస్తోంది. పక్కన చాప మీద పసిబిడ్డ. అత్త కూర్చోలేదు. తనెవరో చెప్పింది. ఏం జరిగిందో, నాకు చెప్పినంత తేటగా, ఆమెకూ చెప్పింది.

ఆ తల్లి ఒలవడం ఆపి అడిగింది. "ఆ మిషను ఆగకుంటే బతికుండునా?"

"తెల్దమ్మా. బతికేదేమో. అది ఆగింది మాత్రం నా వల్లే."

లోపలి నుంచి ఆమె కొడుకు వచ్చాడు. "ఇప్పుడొచ్చి చెప్తాండారా? పోండి ఈడ్నించి!" అని అరిచాడు. బిడ్డ ఏడ్పు అందుకుంది. తల్లి చెనక్కాయలు పక్కకు నెట్టి లేచింది. బిడ్డను చంకనేసుకుని లోపలికి పోయింది. ఇక మేం వెనక్కి తిరుగుతుండగా చెంబుతో నీళ్లు తెచ్చి అత్త చేతికిచ్చింది. "ఎండన పడి వచ్చినారు" అని, మొహం చూడకుండా తలుపు దగ్గరకు వేసుకుంది.

అత్త ఆ చెంబును రెండు చేతులతో పట్టుకుని, తాగలేకా, కింద పెట్టలేకా, ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో మూసిన తలుపు ముందు అట్లాగే నిలబడిపోయింది.