దసరా నాటి తూకం

పత్తి మిల్లులో నేను పట్టుబట్టి పెట్టించిన నియమాలు రెండు. మొదటిది, పొద్దున తొలి బోరం, అంటే పత్తి బస్తా, ఎక్కకముందే సర్కారు ముద్ర ఉన్న తూకపు రాళ్లతో కాంటాను పరీక్షించాలి. రెండోది, ఈ రోజు కొన్న పత్తిని మర్నాటి పరీక్ష అయ్యేదాకా యంత్రానికి పంపకూడదు; ఎవరి బోరాలు వారి పేరుతో విడిగా ఉండాలి. తూచేవాడు చిట్టీ రాయకూడదని, రాసేవాడు డబ్బు ఇవ్వకూడదని యజమాని అంతకుముందే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ సంగతి అందరికీ అర్థమయ్యేది. నా రెండో నియమమే ఎవరికీ మింగుడుపడలేదు.

మిల్లు తొర్రూరు పొలిమేరలో ఉండేది. నేను 1974లో చేరాను. కాంటా, గోదాము నా బాధ్యత. పరీక్ష అలవాటు మాత్రం అంతకు ముందుదే. మా నాయిన డోర్నకల్ స్టేషన్‌లో పార్సిళ్లు తూచేవాడు. 1969 తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడి నా చదువు ఒక ఏడాది వెనక్కి పోయింది. ఆ ఏడాది నాయినకు సద్ది పట్టుకుపోయి, ఆయన పని చూస్తూ అక్కడే కూర్చునేదాన్ని. ఆయన రోజూ ముందు రాళ్లు పెట్టి చూసుకునేవాడు. "నిన్న మంచిగనే ఉన్నది గద నాయినా" అన్నానొకసారి. "నిన్నటిది నిన్ననే అయిపాయె బిడ్డా. ఇయ్యాల దీన్ని ఇంక చూడలే గద" అన్నాడు.

1981లో యజమాని అల్లుడు మిల్లు పనిలోకి వచ్చాడు. పట్నంలో చదువుకున్నవాడు, చురుకైనవాడు. నా పరీక్ష అయ్యేదాకా యంత్రం ఖాళీగా ఉంటున్నదని ఆయన బాధ. దసరా పండుగ దాటగానే రెండో నియమం ఎత్తేద్దామని మామను ఒప్పించాడు. యజమాని ఆ మాట నాతో చెప్పినప్పుడు నా మొహం చూడలేదు. "ఏం చేద్దాం బిడ్డా, జమానా మారింది" అన్నాడు. నియమం పోయాక గోదాము తాళాలు పట్టుకుని నేనక్కడ చేసేదేముంటుంది? పండుగ వెళ్లాక మానేద్దామనే అనుకున్నాను.

దసరా నాడు మా మిల్లులో ముహూర్తం కొనుగోళ్లు. ఆ పొద్దున రాళ్లు పెట్టి చూశాను, కాంటా సరిగ్గా ఉంది. తర్వాత హమాలీలు కాంటాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, దాని ఇనుప అంచు మీదే కొబ్బరికాయ కొట్టారు. ఆనవాయితీ అది. ఆ వెంటనే తూకం మొదలైంది. ఏడుగురి పత్తి కొన్నాం.

ఏడో మనిషి తండా నుంచి వచ్చిన ఒక లంబాడీ ఆమె. తన బోరం అరవై నాలుగు కిలోలు అనగానే ఆమె కదలకుండా నిలబడింది.

"ఇంట్ల తూచుకోని వచ్చిన. అరవై ఎనిమిది ఉన్నది."

"మీ తండల కాంట గూడ పండుగ చేసుకున్నట్టుందిలే" అన్నాడు హమాలీల మేస్త్రి. అందరూ నవ్వారు.

"మా కాంట తాగదన్నా" అంది ఆమె. "మీ కాంట సంగతి నాకు తెల్వది."

పొద్దున నేనే పరీక్షించిన కాంటా అది. అయినా ఆమె మాట తీసెయ్యబుద్ధి కాలేదు. "నీ బోరం రేపటిదాక గిట్లనే విడిగ ఉంటది. పొద్దుగాల రా, నీ ముందటనే మల్ల చూస్త" అన్నాను.

మర్నాడు యాభై కిలోల రాళ్లు పెడితే ముల్లు నలభై ఏడు దగ్గర ఆగింది. తీసి మళ్లీ పెట్టాను. నలభై ఏడే. కాంటాకు ఎర్రగుడ్డ కట్టించాను. ఆ గుడ్డ ఉంటే తూకం బంద్ అని బండ్లవాళ్లందరికీ తెలుసు. వాళ్లు తిట్టుకోవడం మొదలుపెట్టారు. యజమాని, అల్లుడు ఇద్దరూ వచ్చారు.

మేస్త్రి కాంటా బల్లను పైకి లేపించి కింద చెయ్యి పెట్టి వెతికాడు. కొబ్బరిచిప్ప ముక్క బయటికి తీశాడు. బల్లకూ చట్రానికీ మధ్య ఇరుక్కుని బరువులో కొంత అది మోస్తున్నదన్నమాట. మేస్త్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని, "దేవునికి కొట్టినమనుకున్నం పటేలా, మన నెత్తికే తాకింది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అల్లుడు నన్ను పక్కకు పిలిచాడు. "దొరికింది గద అక్కా, ఇగ మొదలుపెట్టుండ్రి. నిన్నటి ఏడుగురికి మనిషికి మూడు కిలోలు కలిపి రాద్దాం. చాటుగ అయిపోతది."

"చిప్ప అందరి దగ్గర ఒక్క తీరుగ తినదు. అది లెక్కగట్టి ఇచ్చేది కాదు, తూచి ఇచ్చేది. బోరాలు విడిగనే ఉన్నయి."

యజమాని బండ్ల వరుస వైపు చూశాడు. "గింతమంది ముందట మల్ల తూస్తే కాంట దొంగలంటరు బిడ్డా. తెల్లారేసరికి జనగామ దాక పోతది ఆ మాట."

"ఆమెకు నిన్ననే తెల్సు పటేలా" అన్నాను. తండా ఆమె అప్పటికే వచ్చి గోదాము గుమ్మంలో నిలబడి ఉంది. "వాళ్లు చెప్పుకుంటే దొంగలమైతం. మనమే చెప్తే చిప్ప ఇరికిందంటరు."

ఆయన మేస్త్రి చేతిలోని చిప్పను తీసుకున్నాడు. తర్వాత తానే వెళ్లి బండ్లవాళ్లకు చిప్ప ముక్క చూపించి, జరిగింది దాచకుండా చెప్పాడు. మిగిలిన ఆరుగురికి కబురు చెప్పడానికి సైకిళ్ల మీద మనుషులను పంపాడు. రాళ్లు పెట్టి చూపించాను. యాభైకి యాభై. ఆ తర్వాత ఆమె బోరం ఎక్కించాం. అరకిలో తక్కువ అరవై ఎనిమిది.

"ఆ అరకిలో తొవ్వల కారిందేమో" అంది ఆమె మేస్త్రిని చూస్తూ. మేస్త్రే ముందుగా నవ్వాడు.

పొద్దు వాలేలోగా ఏడుగురి బోరాలూ వాళ్ల ఎదుటే తూచి కొత్త చిట్టీలు ఇచ్చాం. ఒక్కొక్కరి తేడా ఒక్కో రకంగా వచ్చింది: ఒకరికి ఒకటిన్నర, ఇంకొకరికి అయిదు. అల్లుడు నా పక్కనే నిలబడి చూశాడు. చివరి చిట్టీ అయ్యాక, "యంత్రం జర సేపు ఖాళీగున్నా ఏం కాదు" అన్నాడు. నియమం ఎత్తేసే మాట మళ్లీ ఎప్పుడూ రాలేదు. నేనూ మానెయ్యలేదు.

మరుసటి ఏడు దసరాకు కొబ్బరికాయ గేటు దగ్గరి బండ మీద కొట్టారు. పూజ అయ్యాక రాళ్ల కోసం నేను లేచేలోపే, వరుసలో మొదట ఉన్న తండా ఆమె తన బోరం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ముందుగాల రాళ్లు పెట్టు అక్కా" అంది. "నాది తర్వాత."

ఆమె వెనకున్న ముసలాయన కూడా తలూపాడు. అప్పటినుంచి ఆ పరీక్ష కోసం నేను పట్టుబట్టాల్సిన పని పడలేదు. అమ్మేవాళ్లే అడిగేవారు.