మబ్బుల పేపరు

రెంజల్ నుంచి బోధన్ వెళ్లే దారిలో ఉన్న ఆ ఊరి బస్టాపు దగ్గర మూడు నెలల పాటు ఒక పైలట్ వేలాడింది. తెల్ల చొక్కా, నల్ల టై, భుజాల మీద బంగారు రంగులో నాలుగేసి గీతలు. మెడ మీద మాత్రం భోజన్న కూతురు హర్షిణి తల. హాల్‌టికెట్ ఫొటోలోంచి కత్తిరించి అతికించింది కాబట్టి ఆ తల కాస్త పక్కకి వాలి, ఈ చొక్కాకూ నాకూ సంబంధం లేదన్నట్టు చూస్తుండేది. కింద 'మన ఊరి మొట్టమొదటి మహిళా పైలట్‌కు హార్దిక శుభాకాంక్షలు'. ఆ శుభాకాంక్షలు చెబుతున్న ముత్యం బొమ్మ హర్షిణి బొమ్మకు రెండింతలు. వచ్చే ఎన్నికల్లో నిలబడాలని ముత్యానికి ఆశ. ఊళ్లో పిల్లి ఈనినా ఫ్లెక్సీ కట్టించే మనిషి.

ఆ ఫ్లెక్సీ కట్టిన నాటికి హర్షిణి విమానం ఎక్కలేదు సరికదా, దగ్గరగా చూడను కూడా లేదు. పైలట్ లైసెన్సుకు రాయాల్సిన ఐదు పేపర్లలో రెండు పాసైంది, అంతే. నాలుగు గీతలంటే కెప్టెన్ అని, వేల గంటలు నడిపితే గాని అవి భుజమెక్కవని ఆమెకు తెలుసు. ముత్యానికి తెలియదు, ఫ్లెక్సీ షాపువాడికి అక్కర్లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు తయారైంది వ్యవహారం.

"తీసెయ్ కాకా," అని ఆ రోజే అడిగింది.

"గట్లనకు బిడ్డ, ఊరికి పేరొస్తది," అన్నాడు ముత్యం. "ఫొటో ఇచ్చింది మీ బాపే గదా!"

ఆ మాటతో ఆమె కోపం రెండు ముక్కలైంది. చిన్న ముక్క ముత్యం మీద, పెద్ద ముక్క భోజన్న మీద.

కోపం హర్షిణికి కొత్త కాదు. చిన్నప్పుడు చెరకు ట్రాక్టర్ మీద బాపుతో కలిసి బోధన్ ఫ్యాక్టరీకి పోయేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక భోజన్న చెరకు మాని పసుపు పెట్టాడు. ట్రాక్టర్ మాత్రం ఉండిపోయింది. పద్నాలుగేళ్లకే హర్షిణి ట్రాలీని వెనక్కి నడిపి కల్లంలోకి సరిగ్గా పెట్టడం నేర్చింది. ఊళ్లో మగపిల్లలు చాలామందికి ఇప్పటికీ అది రాదు. నిజామాబాద్‌లో ఇంటర్ ఎంపీసీ చదువుతుండగా ఒకరోజు ఎవరో పెద్దమనిషి కాలేజీకి వచ్చి ఉద్యోగాల గురించి చెప్పాడు. విమానాల దగ్గరికి వచ్చేసరికి, పైలట్ కావాలనుకునే అబ్బాయిలు ఇటు, ఎయిర్ హోస్టెస్ కావాలనుకునే అమ్మాయిలు అటు నిలబడమన్నాడు. హర్షిణి పోయి అబ్బాయిల వరసలో నిలబడింది. క్లాసంతా నవ్వింది. వచ్చినాయన కూడా నవ్వి, "అమ్మా, నువ్వు అటు," అని చెయ్యి చూపించాడు.

"నాకు నడుపుడు వస్తది సార్. నీళ్లు అందించుడు రాదు," అంది హర్షిణి.

అప్పటిదాకా పైలట్ కావాలని ఆమె గట్టిగా అనుకున్నది లేదు. ఆ నవ్వు విన్నాక ఇంకేదీ అనుకోలేదు. డిగ్రీలో చేరినా రోజూ బస్సెక్కి నిజామాబాద్‌లోని స్టడీ హాల్‌కు పోయి, లావు పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. ఐదు పేపర్లూ పాసై చూపిస్తే నిజాంసాగర్ కాలువ కింది రెండెకరాలు అమ్మే సంగతి ఆలోచిస్తానని భోజన్న మాటిచ్చాడు. విమానం నేర్పే బడిలో చేరడానికి వాళ్లకు అంతకు మించి దారి లేదు.

మార్చిలో మూడో పేపరు ఫలితం వచ్చింది. అది వాతావరణ శాస్త్రం. గాలులు, పిడుగులు, పొగమంచు, రకరకాల మబ్బులు. భోజన్న తల్లి ముత్తవ్వ దాన్ని 'మబ్బుల పేపరు' అనేది. పాసవ్వాలంటే డెబ్బై రావాలి. హర్షిణికి అరవై ఏడు వచ్చాయి.

మూడంటే మూడు మార్కులు! ఇలాంటి పేపర్లు రెండుసార్లు, మూడుసార్లు రాసి గట్టెక్కేవాళ్లు బోలెడంతమంది. మామూలుగా అయితే రెండు రోజులు ఏడ్చి, మళ్లీ దరఖాస్తు పెట్టుకునేది, మూడో కంటికి తెలిసేది కాదు. కానీ ఊరికి పైలట్ ఉంది కదా, బస్టాపు దగ్గర! ముత్యం అడిగాడు, భోజన్న నోరు జారాడు, సాయంత్రానికి చాయ్ హోటల్ దగ్గర అదే ముచ్చట. మర్నాడు బస్సులో కండక్టర్ "పైలట్ మేడమ్‌కు ఒక జీరో టికెట్," అన్నాడు. ఆడవాళ్లందరికీ ఇచ్చే ఉచిత టికెట్టే అది. అయినా బస్సు బస్సంతా ఇకిలించింది.

భోజన్న నాలుగు రోజులు గడప దాటి హోటల్ వైపు పోలేదు. ఫొటో ఇచ్చింది తానేనన్న సంగతి మరిచిపోయి, అత్త మీది కోపం దుత్త మీద తీసినట్టు కూతురి మీద పడ్డాడు.

"ఇగ బంద్ చెయ్. నా ఇజ్జత్ బజార్ల పడ్డది."

"ఇజ్జత్ తీసింది నేనా, గా ఫ్లెక్సీనా?"

"నోరు బాగ లేస్తున్నది నీకు."

"మల్ల రాస్త బాపు. రేపటితోని దరఖాస్తులు అయిపోతయ్. నీ ఫోన్‌కు ఓటీపీ వస్తది, గది చెప్పు చాలు."

"చెప్ప."

చిక్కంతా అక్కడే ఉంది. పరీక్షల వెబ్‌సైటులో ఖాతా తెరిచినప్పుడు ఆమె ఇచ్చింది భోజన్న నంబరు. ఆయన ఫోన్‌కు వచ్చే ఆరంకెలు కొడితే గాని దరఖాస్తు ముందుకు కదలదు. ఆయన ఫోన్‌ను చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. జేబు చింపి గుంజుకోవాలన్నంత కోపం వచ్చింది హర్షిణికి. ఆరంకెలు చదవడానికి మనసు రానివాడు రెండెకరాల మాట ఎందుకివ్వాలి?

మర్నాడు మధ్యాహ్నం కల్లంలో ఉడికించిన పసుపు ఆరబోసి ఉంది. ఇంకో రెండు రోజులు ఎండితే పాలిష్‌కు, అక్కడి నుంచి నిజామాబాద్ యార్డుకు. ఈ సమయంలో తడిస్తే కొమ్ము నల్లబడుతుంది, ఏడాది కష్టం మట్టిలో కలుస్తుంది. కొమ్ములు తిరగేస్తున్న హర్షిణి పడమటి వైపు చూసి ఆగిపోయింది. నాందేడ్ దిక్కున ఇందాక గోబీపువ్వంత ఉన్న మబ్బు ఇప్పుడు సగం ఆకాశం దాకా లేచింది. దాని నెత్తి కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలిలా చదునుగా పరుచుకుంటోంది. అంతసేపూ మొహం కాల్చిన వడగాలి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"బాపు, జల్ది కుప్ప చెయ్యాలె. అరగంటల రాళ్లవాన వస్తది."

భోజన్న ఫోన్ తీసి చూశాడు. "నాలుగు దినాలు వాన లేదని దీంట్ల ఉన్నది."

"ఫోన్ల కాదు బాపు, గటు సూడు."

భోజన్న అటు చూడలేదు. కూతురి మొహంలోకి చూశాడు. "మబ్బుల పేపర్లనే ఫేలైతివి. నువ్వు నాకు మబ్బులు సూపెడుతున్నవా?"

పక్క కల్లంలో వాళ్లు పకపకా నవ్వారు. కాలేజీలో విన్న నవ్వే, బస్సులో విన్న నవ్వే.

హర్షిణి పార అందుకుని పసుపు కుప్ప చేయడం మొదలుపెట్టింది. ముత్తవ్వ గంప పట్టుకుని మనవరాలి పక్కన చేరింది. "దానికి కండ్లున్నయ్ రా, నీకే లేవు," అంది కొడుకుతో. కుప్ప అయితే అయింది గాని, ఉన్న ఒక్క టార్పాలిన్ పరదా సగానికే సరిపోయింది. వాన లేదన్న ధైర్యంతో రెండోది పొద్దున్నే భోజన్న ఎవరికో ఇచ్చేశాడు. అప్పటికే చల్లటి గాలి మొదలైంది.

హర్షిణి కొడవలి పట్టుకుని రోడ్డు మీదికి ఉరికింది. బస్టాపు దగ్గర కర్రలెక్కి నాలుగు మూలల తాళ్లూ కోసేసింది. నాలుగు గీతల పైలట్ ధడాలున కింద పడింది. హోటల్ ముందు కూర్చున్న ముత్యం లేచి, "ఏయ్, ఏం జేస్తున్నవ్? గది నాది!" అని అరిచాడు.

"మొహం నాది!" అని అంతకంటే గట్టిగా అరిచి, ఫ్లెక్సీని ఈడ్చుకుంటూ కల్లానికి పరుగెత్తింది.

"బొమ్మ మీదికా, కిందికా బిడ్డ?" అంది ముత్తవ్వ ఒక కొస అందుకుని.

"మీదికే అవ్వ. పడనీ రాళ్లు ముత్యం కాక మొహం మీద!"

మూలల మీద ఇటుకలు పెడుతుండగానే మొదటి రాయి పడింది. ఆ తర్వాత లెక్క లేదు. గాలికి ఫ్లెక్సీ ఒక వైపు ఇటుకలతో సహా లేచింది. భోజన్న ఉరికొచ్చి ఆ కొస మీద బోర్లా పడుకున్నాడు. వీపు మీద రాళ్లు పడుతున్నా లేవలేదు.

ఇరవై నిమిషాలకు వాన వెలిసింది. పక్క కల్లంలో పసుపు నీళ్లలో తేలుతోంది. ఇందాక నవ్వినవాళ్లు చీపుర్లతో నీళ్లు తోస్తున్నారు. వాళ్లను చూస్తే హర్షిణికి జాలి వేయలేదు, సంతోషమూ కలగలేదు. చెప్పినప్పుడు వింటే వీళ్లది కూడా దక్కేది కదా అని ఒళ్లు మండింది.

ముత్యం తడిసి ముద్దై వచ్చాడు. "భోజన్నా, నీ బిడ్డ నా ఫ్లెక్సీ కోసింది. ఏమంటవ్?"

"ఎండినంక తీస్కపో," అన్నాడు భోజన్న. "మల్ల కడితే మాత్రం ఈసారి నేనే కోస్త."

ముత్యం గొణుక్కుంటూ పోయాక తండ్రీకూతుళ్లు చూరు కింద కూర్చున్నారు. భోజన్న పుల్లతో కాళ్ల బురద గీక్కున్నాడు.

"నీకెట్ల తెలిసింది?" అన్నాడు చివరికి.

"అరవై ఏడు మార్కులకు గంత తెలుస్తది బాపు."

భోజన్న తల దించుకున్నాడు. హర్షిణి మెత్తబడలేదు. ఆ మాట అనేశాక కూడా కోపం చల్లారలేదు. తన ఫోన్ తీసి దరఖాస్తు తెరిచింది. తండ్రిని అడగలేదు, ఆయన వైపు చూడనూ లేదు. కాసేపటికి భోజన్న జేబులో ఫోన్ టింగుమంది. బోర్లా పడుకోవడం వల్ల ఆయన ఒంటి మీద ఆ జేబు ఒక్కటే పొడిగా ఉంది. ఆయన తడిచేతిని గోడకు తుడుచుకుని, బొత్తాం విప్పి, కళ్లద్దాలు లేక ఫోన్‌ను బారెడు దూరం పెట్టి కూడబలుక్కున్నాడు.

"నాలుగు... సున్న... మల్ల సున్న..."

"జల్ది సదువు బాపు, టైం అయిపోతది!" అని కసిరింది హర్షిణి.