అంచుతో పోయిన పేరు

"యాడికి తీస్కపోతాండావ్‌రా నాయన బొమ్మల్ని?"

"యాడికీ పోల్యాక్కా. అద్దాలు ఊడబీకిచ్చనీకి వచ్చినా. ఎల్లుండి హైదరాబాదాయప్ప వచ్చి కాగితాలు చుట్టుకోని పోతాడు. పన్నెండు వేలు."

"తొమ్మిది బొమ్మలకు పన్నెండు వేలా? బుద్ధుందా నీకు?"

"పేరు గూడా ల్యాని బొమ్మకు ఇంకెంతిస్తారు? నువ్విస్తావా?"

పోయిన ఏడాది ఎండాకాలంలో అక్కాతమ్ముళ్లిద్దరూ నా బల్లకు చెరోపక్క నిలబడి ఇట్లా అరుచుకున్నారు. నంద్యాలలో నాది పటాలు కట్టే అంగడి. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. మా ఆయన పోయాక కొలతా కోతా చేతితోనే నేర్చుకుని, నలభై ఏళ్లుగా ఆ పనే చేస్తున్నాను.

అక్క మార్తమ్మ ఆళ్లగడ్డలో టీచరుగా చేసి రిటైరైంది. తమ్ముడు ప్రకాశం అక్కడే విత్తనాల కొట్టు నడుపుతాడు. వాళ్ల నాయన దేవదానం డ్రాయింగు మాస్టారు. శెనగ చేలు, అవుకు చెరువు కట్ట, ఆళ్లగడ్డ శిల్పులు రాయి చెక్కే పాకలు, ఇవే ఆయన బొమ్మలు. ఒక్కటి కూడా అమ్మలేదు. ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. తమ్ముడు బొమ్మలు తీసుకుని బస్సెక్కాడని తెలిసి, అక్క తర్వాతి బస్సుకు వెంటపడి వచ్చింది.

"ఇంటి గోడకు చెమ్మెక్కిందక్కా. ఇంకో వాన పడితే కుళ్లిపోతాయి. నాయన ఉన్నప్పుడు ఎవురన్నా సూసినారా వీటిని?"

"నేను సూసినా. సాలదా?"

నేను స్కేలు తీసి బల్ల మీద కొట్టాను. "అరుపులు బయట పెట్టుకోండి. ఈడ అద్దాలుండాయి."

మొదటి పటం బోర్లా తిప్పాను. మేకులు కొట్టిన తీరు నాదే. వెల్లకిలా తిప్పి చూస్తే, బొమ్మలో గడ్డి కింది అంచు దగ్గర తెగిపోయి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల కిందట మాస్టారు ఈ కాగితాలు తెచ్చినప్పుడు, వేరే పెద్ద పటాలకు కోయగా మిగిలిన అద్దం ముక్కలు నా దగ్గర ఉన్నాయి. అవి ఈ కాగితాల కన్నా కొంచెం చిన్నవి. కొత్త అద్దం దండగని, అద్దానికి సరిపడేట్టు కాగితాలనే కోశాను. మాస్టారు కాగితం వృథా చేసే మనిషి కాదు. అంచు దాకా గీసి, ఆ చివర్లో సన్నగా సంతకం పెట్టేవాడు. నా కళ్లకు అది మిగులు మాత్రమే.

నేను నోరు తెరవకపోతే ఎవరికీ తెలియదు. పటం బల్ల మీద పెట్టాను. తర్వాత చెప్పేశాను.

"పేరు ల్యాకపోవడం మీ నాయన తప్పు కాదు. నేను కోసినా."

ప్రకాశం బల్ల మీదికి వంగి తెగిన అంచు చూశాడు. "ఎంత పని జేస్తివి పెద్దమ్మా! దుడ్లు మిగిల్చుకోనీకి మా నాయన పేరే కోస్తివే!"

"నాయన ఏమీ అనలేదా?" అంది మార్తమ్మ.

"మూలలు సూసుకున్యాడు. ఏమీ అనకుండా తీస్కపోయినాడు. అనింటే నాతో తిట్టించుకునేటోడు. నేను అట్లాంటి మనిషినే."

ఆమె తల దించుకుంది. నాకు తమ్ముడి మాట కన్నా ఆ తల దించుకోవడమే తగిలింది.

మా పనిలో ప్యాకింగ్ అని ఒకటుంది. బొమ్మకూ వెనకాల కొట్టే హార్డ్‌బోర్డుకూ మధ్య వదులుంటే, కాగితం పట్టీలు కుక్కి బిగిస్తాం. నేను ఎప్పుడూ ఏ బొమ్మకు కోసిన పట్టీ ఆ బొమ్మ వెనకే కుక్కేదాన్ని. ఇద్దర్నీ కూర్చోమని మేకులు పీకాను. బోర్డు లేపితే దుమ్ము, దాని కింద మడిచిన పట్టీ. విప్పి బొమ్మ కింద ఆనించాను. గడ్డి గడ్డితో కలిసింది. మూలన 'దేవదానం, ఆళ్లగడ్డ' అని, పక్కనే సంవత్సరం.

"అక్కా, నాయన రాతే!" అన్నాడు ప్రకాశం. అంతవరకూ కాగితాలు అన్నవాడు ఆ పట్టీని రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

తొమ్మిదింట్లో ఆరింటికి పేరు దొరికింది. రెండింట్లో పట్టీలున్నా పేరున్న ముక్క లేదు. ఒకదాని పట్టీని పురుగు తినేసింది.

మా వీధిలోనే ఖాదర్ సార్ ఉంటాడు. బొమ్మల కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనాయన. పిలిపించాను. భూతద్దం పెట్టి ఒక్కో బొమ్మా చూసి, వెనక్కి తిప్పి మరకలు కూడా చూశాడు.

"ఎంత జేస్తాయి సార్?" అన్నాడు ప్రకాశం.

"పేరున్నోళ్ల బొమ్మలైతే, ఇంతకుముందు ఎంతకు అమ్ముడుపోయినాయో వెతికి చెప్తామప్పా. మీ నాయనవి ఒక్కటీ పోల్యా. మొదట అమ్మేదే ధర అయితాది. తొమ్మిదీ కట్టగట్టి పన్నెండు వేలకిస్తే ఇంక అదే నిలిచిపోతాది. ఒక్కటే అమ్మండి. బొమ్మలో ఉన్న తావు తెలిసినోళ్లకు సూపీండి. పదహైదు వేలకు తగ్గొద్దు."

"కోసినందుకు తగ్గదా?" అని నేనే అడిగాను.

"తగ్గుతాదక్కా. అబద్ధం జెప్పను. జిగురేసి అతికించొద్దు. బొమ్మనూ పట్టీనీ పక్కపక్కనే మౌంట్‌లో పెట్టు. కోసినట్టు కనపడాల." మౌంట్ అంటే బొమ్మ చుట్టూ వేసే మందపాటి అట్ట. బొమ్మకు అద్దం తగలకుండా కాస్తుంది.

"మీరే కొనరాదా సార్?" అన్నాడు ప్రకాశం.

"వెల కట్టినోడు కొనగూడదప్పా."

ఖాదర్ సారే అవుకు కట్ట బొమ్మను ఫోనులో ఫోటో తీసి, నంద్యాలలో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరుకు పంపాడు. ఆ డాక్టరుది అవుకు. రేపు పొద్దున వస్తానని జవాబొచ్చింది. అక్కాతమ్ముళ్లు ఆ పూట నంద్యాలలో చుట్టాలింట్లో ఉండిపోయారు.

అన్నేళ్లు పటాలు కట్టి నేను తెలుసుకోనిది ఆ రోజు తెలిసింది. అద్దానికీ, చుట్టూ వేసే బీడింగు చెక్కకూ నేను వెల చెప్పగలను. మధ్యలో ఉన్నదానికి వెల తెలియనప్పుడు, దాని మీద కత్తి పెట్టే హక్కు నాకు లేదు. ఇప్పుడు ఎవరు ఏం తెచ్చినా, చిన్నపిల్ల గీసిన కాకి బొమ్మ అయినా సరే, నాలుగు అంచులూ చూసి, అడిగి, ఆ తర్వాతే కొలత వేస్తాను. పొదుపు మానలేదు. కాగితం మీద మాత్రం చేయను.

మరుసటి ఉదయం డాక్టరు క్లినిక్కు పోయే ముందు వచ్చాడు. బొమ్మలో తూమును వేలితో చూపించాడు. "ఈ తూము కాడే నేను ఈత నేర్చుకున్యా. ఎంతమ్మా?" అన్నాడు. మార్తమ్మ పదహైదు వేలంది. "అంచు కోసినారే?" అన్నాడు. "కోసింది నేను," అన్నాను. ఆయన పట్టీ మీది పేరు చదివి, బేరం ఆడకుండా డబ్బిచ్చాడు. రసీదు ప్రకాశం రాశాడు: 'అవుకు కట్ట, వాటర్ కలర్. గీసినవారు దేవదానం, ఆళ్లగడ్డ.' తర్వాత హైదరాబాదు మనిషికి ఫోను చేసి రావొద్దని చెప్పాడు. పదిన్నర బస్సుకు అక్కాతమ్ముళ్లు ఆళ్లగడ్డకు పోయారు. మిగిలిన ఎనిమిది బొమ్మలూ కట్టమని నా దగ్గరే వదిలి పోయారు.