పత్తిచేను పాటకు బదులు

ప్రతి డిసెంబరులో నేనొక జాబితా రాస్తాను. ఆ ఏడు విన్న ఇండీ ఆల్బములు, చూసిన కచేరీలు. సినిమా పాటలకు అందులో చోటు లేదు. అవి బస్సుల్లో, పెళ్ళిళ్ళలో ఎలాగూ వదలకుండా వినిపిస్తాయి. నలుగురు కూడి సొంతంగా చేసుకున్న సంగీతమే నాకు కావాలి. ఈ విషయంలో నేను మొండిదాన్ని.

ఈ ఏడు మూడో స్థానం మదురైలో ఒక మేడ మీద జరిగిన కచేరీది. వాన మొదలైతే డ్రమ్ముల మీద టార్పాలిన్ కప్పి, గిటారొక్కదానితో గంటసేపు లాగించారు. తడిసి ముద్దయ్యాను గాని కదల్లేదు. రెండో స్థానం, తన గదిలోనే ఫోనులో ఏడు పాటలు రికార్డు చేసిన మేలూరు అమ్మాయిది. ఒక పాటలో కుక్కరు విజిల్ వినిపిస్తుంది. దాన్ని తీసేయనందుకు ఆమెకు దండం పెట్టాలి.

మొదటి స్థానం సంగతి నా తప్పుతోనే మొదలుపెట్టాలి.

మా అమ్మ వంటింట్లో పాడుకుంటున్న పత్తిచేను పాటను ఫోనులో పట్టి, కోయంబత్తూరులో ఒక బ్యాండుకు ఇచ్చాను. గాయకుడు మావాళ్ళ పిల్లాడే. అమ్మను మాత్రం అడగలేదు. పాట ఆల్బంలోకి ఎక్కింది. తరాలుగా తమిళనాట ఉంటున్న మా ఇళ్ళలో తెలుగు గడప లోపలి భాష. పరాయివాళ్ళు వస్తే నోరు దానంతటదే తమిళానికి మారుతుంది.

"ఇంటి మాటను ఊరోళ్ళ ముందర పరిచేస్తివే, మానం పోయె," అంది అమ్మ. రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

మూతబడిన మిల్లు గోడౌనులో ఆదివారం సాయంత్రం ఆ బ్యాండు కచేరీ. "వచ్చి విను. నచ్చకపోతే ఆ పాట తీయించేస్తాను," అని మాటిచ్చి అమ్మను తీసుకెళ్ళాను. ఆల్బంలో నాకు ప్రాణమైన పాట అదే.

అమ్మ చెవులకు కొంగు చుట్టుకుని కూర్చుంది. "ఇది పాటా, సత్తమా?" సత్తమంటే మా ఇళ్ళలో గోల. మొదటి మూడు పాటలకూ అదే ప్రశ్న.

నాలుగోది మా పాట. "ఎవురి వొడి నిండెనే వదినా?" అని ఎత్తుకుని, జవాబు కూడా గాయకుడే పాడేశాడు. అమ్మ చటుక్కున కొంగు తీసింది. చేలో పత్తి ఏరి కొంగు ఒడిలో నింపుకుంటూ ముందు సాలువాళ్ళు అడిగితే వెనక సాలువాళ్ళు బదులివ్వాలి. బదులు రాకపోతే వెనక ఎవరికో ఏదో అయిందని అందరూ ఆగి తిరిగి చూస్తారు. వంటింట్లో ఒక్కతే కాబట్టి అమ్మ రెండూ పాడుకుంది. ఆ సంగతి బ్యాండుకు చెప్పాలని నాకు తట్టనే లేదు.

"ఏమే, ఇంత కూట్టంలో బదులు చెప్పను ఒక్కరూ లేరా?" అంటూ అమ్మ లేచి నిలబడింది.

గాయకుడు మళ్ళీ అడిగాడు: "ఎవురి వొడి నిండెనే వదినా?"

"నీకన్న ముందే నా వొడి నిండె!"

మైకు లేకుండానే గోడౌనంతా వినిపించింది. డ్రమ్ములు ఆగాయి. గాయకుడు నవ్వి, అమ్మ వైపు తిరిగి మళ్ళీ అడిగాడు. అమ్మ మళ్ళీ చెప్పింది. నాలుగోసారికి వెనక నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అందుకున్నారు, అచ్చం మా పలుకే. ఆపైన తెలుగు ముక్క రాని తమిళ కుర్రకారు కూడా గొంతు కలిపింది. నేనూ పాడాను, ఏడ్చాను. గడప బయట అంత గట్టిగా తెలుగు పలకడం నా జన్మలో అదే మొదలు.

పాట అయ్యాక గాయకుడు కిందికి దిగి వచ్చాడు. నా మాట సంగతి అతనికి ముందే చెప్పి ఉంచాను. పాట తీసేయాలా అమ్మా అని అలవాటు కొద్దీ తమిళంలో అడిగాడు.

అమ్మ చెమట తుడుచుకుని, అందరి ముందర, తెలుగులోనే చెప్పింది: "తీసేది ఏంటికప్పా? బదులు చెప్పేవాళ్ళను పెట్టుకోని పాడు. నేను వస్తా."