చెలమలో తాటిమట్ట

నాకు దెయ్యాలంటే భయం లేదు, నమ్మకమూ లేదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే సగం చదివి 'ఈవిడా ఆ బాపతే' అనుకుంటారు. ఇరవై ఏళ్లుగా జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. నెల్లిమర్లలో మా వీధి చివరి ఇంట్లో ఏదో ఉందని పదేళ్లు ఎవరూ దిగకపోతే, గాలి బాగా వస్తుందని మేమే దిగాం. ఆ ఇంట్లో నాకు కనబడ్డవి చెదపురుగులే.

కాబట్టి ఇది భయపెట్టడానికి రాస్తున్నది కాదు. కళ్లారా చూసింది, కెమెరాలో ఉన్నది, ఇప్పటికీ నా బీరువాలో ఉన్నది, అంతే రాస్తాను. తెలిసినవాళ్లు ఎవరైనా సంగతేమిటో చెబితే సంతోషిస్తాను.

ఎడారి అనగానే మనకి రాజస్థాన్ గుర్తొస్తుంది. భోగాపురం దాటి సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటలకీ అలలకీ మధ్య ఇసుక దిబ్బలు ఉన్నాయి. ఏప్రిల్ మధ్యాహ్నం అక్కడ చెప్పుల్లేకుండా పది అడుగులు వేస్తే చాలు, మళ్లీ రాజస్థాన్ పేరెత్తరు. ఎంత వాన పడినా ఇసుక తాగేస్తుంది, పైన చుక్క నిలవదు. అక్కడి జంతువుల బతుకూ ఎడారి బతుకే. పగలంతా బొరియల్లోనో మొగలి పొదల కిందనో పడుకుంటాయి. ఒంటికి కావలసిన నీరు చాలావరకు తినే ఆకుల్లోంచీ దుంపల్లోంచీ, పురుగుల్లోంచీ ఎలుకల్లోంచీ తీసుకుంటాయి. కుందేళ్లు, ఉడుములు, తొండలు, ముళ్లపందులు అలాగే నెట్టుకొస్తాయి.

నేను వెతికింది గుంటనక్క కోసం. నక్క కంటే చిన్నది, సన్నగా ఉంటుంది, తోక చివర నల్లగా ఉంటుంది. ఆ దిబ్బల మీద ఇక లేదనే అందరూ అనుకున్నారు. రెండేళ్ల కిందట, శివరాత్రి అయిన కొత్తలో, ఒక మొగలి పొద కింద తాజా బొరియ కనబడింది. తర్వాత రెండు పెద్ద నక్కలు కనబడ్డాయి. మార్చి నెలాఖరుకి రెండు పిల్లలు కూడా తలలు బయటపెట్టాయి.

ఆ దిబ్బలు చదును చేసి సరుగుడు వేయాలని అప్పటికే ఒక ఆలోచన నడుస్తోంది. నేను వెళ్లి కలిసిన అటవీశాఖ అధికారి మంచాయన. "పిల్లలు పెరిగి తిరుగుతున్న ఫోటోలు తీసుకురండి, ఆ భాగం వదిలేయమని నేనే రాస్తాను" అన్నారు. వేసవి గడిచేదాకా ఆ రెండు పిల్లలూ బతకాలి. నాకు ఆ ఏడాది అంతకంటే ముఖ్యమైన పని లేదు. మా ఆయన్ని అడిగితే ఇంకా వివరంగా చెబుతారు.

దిబ్బల మధ్య పల్లంలో ఒక చెలమ ఉంది. చెలమ అంటే ఇసుకలో చేత్తో తవ్విన గుంట, అడుగున మంచినీళ్లు ఊరుతాయి. పక్కనున్న జాలర్ల పేటకి ఒకప్పుడు అదే దిక్కు. కుళాయిలు వచ్చాక అక్కడికి వచ్చేది పోలమ్మ ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి, ఎండుచేపల గంపతో పొద్దున్నే ఆ దారిన పోతూ ఆగి, ఒక చెంబు నీళ్లు తాగి వెళ్లేది. ఊళ్లో కుళాయి ఉండగా ఇక్కడెందుకు తాగుతావు అని అడిగితే, "ఆ నీళ్లు నాలిక్కి ఇనుం తగుల్తన్నాయమ్మా" అంది.

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. చెలమలో నీళ్లు తోడినవాళ్లు ఒక పక్క ఏటవాలుగా ఇసుక సర్ది, పచ్చి తాటిమట్ట ఒకటి నీళ్లలోకి దించి మరీ కదలాలి. రాత్రి తాగడానికొచ్చి జారిపడిన జీవం పట్టుకుని ఎక్కడానికి. పోలమ్మ ఆ మట్ట మీద జానెడు జానెడు దూరంలో మూడు గాట్లు కూడా పెట్టేది, గోళ్లు ఆనడానికి. మట్ట ఎండితే పొయ్యిలోకని ఎవరో ఒకరు పట్టుకుపోతారు, అందుకే రెండ్రోజులకోసారి పచ్చిది కోసేది.

నేను చదువుకున్నదాన్ని కదా. రోజూ ఇసుక కూలి చెలమ పూడిపోతోందని బావుల్లో దించే గుండ్రటి సిమెంటు ఒరలు రెండు ట్రాలీ ఆటోలో తెప్పించి దించాను. మూడు రోజుల పని. నీళ్లు తేటగా, అంచుదాకా నిలబడ్డాయి. చూసి మురిసిపోయాను.

పోలమ్మ వచ్చి గంప దించి చూసింది.

"ఏటి పంతులమ్మా ఇది? దిగినోడు ఎలా ఎక్కుతాడు?"

"దిగక్కర్లేదు అత్తా. అంచున నిలబడి తాగుతాయి. నక్కలకి ఆమాత్రం తెలివి ఉంటుంది."

"పెద్దోటికి ఉంటాది. పిల్లలకేటి తెలుస్తాది? ఎండలు ముదిరితే నీరు కిందకి పోతాది, సూడు." ఆ రోజు నుంచీ తాటిమట్ట ఒర లోపల పెట్టడం మొదలుపెట్టింది.

చెలమకి ఎదురుగా సరుగుడు చెట్టు మోడుకి కెమెరా కట్టాను. చుట్టూ ఉన్న ఇసుకకీ ఒంటికీ వేడిలో తేడా ఉన్న ప్రాణి ఏది ముందు కదిలినా దానంతట అదే ఫోటో తీస్తుంది, మీద టైం వేస్తుంది. రోజూ తెల్లారాక ఆరుంపావు ప్రాంతంలో పోలమ్మ అందులో పడేది. ఆవిడ వచ్చే వేళకి తల్లి నక్క అక్కడ ఉంటే పారిపోయేది కాదు. ఒక నాలుగు బారలు పక్కకి జరిగి, ఒంటి చింతచెట్టు వైపు వీపు పెట్టి కూర్చునేది. ఆవిడ మట్ట సర్ది వెళ్లాక వచ్చి తాగేది. నన్ను చూస్తే మాత్రం దిబ్బ అవతల ఉండేది. మూడు నెలలు తిరిగినా నా మీద దానికి నమ్మకం కలగలేదు.

ఏప్రిల్లో పోలమ్మకి ఆయాసం ఎక్కువైంది. కొడుకు అప్పన్న విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో ఆటో ఆపించి నన్ను పిలిచింది. అప్పన్న వేటకి వెళ్లని రోజుల్లో నా కెమెరాకి బ్యాటరీలు మార్చి పెట్టేవాడు, అలా ఆ ఇంటితో చనువు. పోలమ్మ నడుముకున్న చిన్న కత్తి తీసి నా చేతిలో పెట్టింది.

"నాను వచ్చీదాకా నువ్వు మట్ట పెట్టు పంతులమ్మా. మర్సిపోకు."

"మర్చిపోను అత్తా" అన్నాను. కత్తిని రుమాల్లో చుట్టి నా సంచి అడుగున వేసుకున్నాను.

రెండు రోజులు పెట్టాను. మూడో రోజు సోమవారం. ఆ మధ్యాహ్నం నుంచి నాకు ఇంటర్ పేపర్లు దిద్దే డ్యూటీ, శ్రీకాకుళంలో, పది రోజులు. పొద్దున్నే వెళ్లి కెమెరా చూసుకుంటే తాటిమట్ట సరిగ్గా ఫోటోకి అడ్డొస్తోంది. నీళ్ల దగ్గర పిల్లల మొహాలు కనబడడం లేదు. మట్ట తీసి పక్కన ఇసుకలో పడేశాను. కెమెరా కొంచెం తిప్పి, మళ్లీ పెడదామనుకున్నాను. ఈలోగా బస్సు టైం అయిపోతోందని ఫోన్ మోగింది. పరుగెత్తాను.

గురువారం అప్పన్న ఫోన్ చేశాడు. "అమ్మ ఎల్లిపోనాదండీ" అన్నాడు. నేను ఏడ్చాను. ఆవిడ మాటలు, ఆవిడ గంప, అన్నీ గుర్తొచ్చాయి. మట్ట మాత్రం గుర్తు రాలేదు. రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

మళ్లీ మంగళవారం మధ్యాహ్నం, పేపర్లు దిద్దే హాల్లో పెన్ను కోసం సంచి అడుగున చెయ్యి పెడితే రుమాలు తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది మట్ట. ఎనిమిది రోజులు. ఎండలు అప్పటికి మండిపోతున్నాయి, నీరు మూరెడైనా దిగి ఉంటుంది. అప్పన్నకి ఫోన్ చేశాను. "మైలలో ఉన్నామండీ, పెద్దకర్మ అయ్యీదాకా మా పేటోళ్లం ఎవులమూ ఆ దిక్కు ఎల్లం" అన్నాడు. పేటంతా వాళ్ల చుట్టాలే.

బుధవారం మొదటి బస్సుకి బయల్దేరాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన, నీళ్లలో తేలుతున్న రెండు పిల్లలు. నా చేత్తో దించిన ఒరలు, నా చేత్తో తీసిన మట్ట. ఎవర్నీ అనడానికి లేదు.

ఎనిమిదింటికి చెలమ దగ్గరికి చేరాను. నేను పడేసిన మట్ట పడేసిన చోటే ఎండి వంకర తిరిగి ఉంది. ఒర లోపల వేరే మట్ట ఉంది. ఇంకా పచ్చదనం పోలేదు. జానెడు జానెడు దూరంలో మూడు గాట్లు.

నీళ్లలో ఏమీ లేదు. బొరియ దగ్గర తాజా అడుగులు చూశాను, పెద్దవి, చిన్నవి. పొద చాటు నుంచి దుర్భిణీతో అరగంట చూస్తే రెండు పిల్లలూ వచ్చాయి. ఒకటి రెండోదాని తోక కొరుకుతోంది. అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను. అప్పటికి నాకు వింతేమీ అనిపించలేదు. ఎవరో పుణ్యాత్ములు పెట్టారు, బతికిపోయాను అనుకున్నాను.

ఇంటికొచ్చి కెమెరా కార్డు చూశాను. ఆ బుధవారం నేను వెళ్లినప్పటివి పక్కన పెడితే, అందులో పడిన ఆఖరి మనిషినీ నేనే. సోమవారం పొద్దున, చేతిలో తాటిమట్టతో. ఆ తర్వాత తొమ్మిది రోజుల్లో నక్కలున్నాయి, కుందేలు ఉంది, రెండు ఉడుములున్నాయి, ఊరకుక్క ఒకటి ఉంది. మనిషి లేడు.

శనివారం ఫోటోలు మాత్రం ఒక్కొక్కటే చెబుతాను. పొద్దున్న ఐదు యాభై రెండుకి ఒక పిల్ల ఒర అంచు మీద ముందుకి వంగి ఉంది. తర్వాతి ఫోటోలో పిల్ల లేదు. ఐదు యాభై మూడు నుంచి ఆరు పన్నెండు దాకా తల్లి ఒర చుట్టూ తిరగడమే, లోపలికి చూడడమే, ముందుకాళ్లతో సిమెంటు గీరడమే. పద్నాలుగు ఫోటోలు.

ఆరు పద్నాలుగుకి తల్లి ఒర దగ్గర లేదు. నాలుగు బారలు పక్కకి జరిగి, చింతచెట్టు వైపు వీపు పెట్టి కూర్చుంది. పిల్ల లోపల కొట్టుకుంటుంటే. తల కొంచెం పైకెత్తి ఒర పక్కన ఖాళీ చోటు వైపు చూస్తోంది.

ఆరు పదహారుకి ఒక ఫోటో. ఇసుక, ఒర, అంతే. కెమెరా దేన్ని చూసి తీసిందో తెలీదు.

ఆరు ఇరవైకి ఒరలో తాటిమట్ట ఉంది. దాని మీద తడిసి ముద్దయిన పిల్ల, రెండో గాటు దగ్గర.

నాకు నేనే చాలా సమాధానాలు చెప్పుకున్నాను. కెమెరా వెనక నుంచి ఎవరైనా వచ్చి పెట్టారా? చెలమకి మూడు పక్కలా మొగలి ముళ్లే, వెనక నుంచి వచ్చినా ఒంగి మట్ట దించేటప్పుడు చెయ్యైనా పడాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఇసుక మనిషి ఒంటి అంత వేడెక్కితే ఈ కెమెరాలు మనిషిని గుర్తుపట్టలేవు, అది నిజమే. కానీ తెల్లవారి ఆరింటికి ఇసుక చల్లగా ఉంటుంది. అదే వేళకి పోలమ్మని అదే కెమెరా అన్ని వారాలూ తప్పకుండా తీసింది. అడుగుజాడలు చూద్దామంటే నేను వెళ్లేసరికి నాలుగు రోజుల గాలికి చెరిగిపోయాయి. అది నాకు దొరకని సాక్ష్యం, దాచను.

పెద్దకర్మ అయ్యాక ఆ మట్ట తీసుకుని అప్పన్న ఇంటికి వెళ్లాను. ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాను. గాట్లని బొటనవేలితో తడిమాడు.

"అమ్మ గాటేనండి ఇది. కత్తి అంచు ఒక్కచోట ఇరిగున్నాది కదా, గాటు మద్దిన సన్న గీత నిలబడిపోతాది. సూడండి."

చూశాను. మూడు గాట్లలోనూ ఉంది ఆ గీత.

"కత్తి ఎక్కడున్నాదండీ?"

సంచిలోంచి రుమాలు తీసి విప్పాను. ఆ శనివారం అది శ్రీకాకుళంలో, నేను పడుకున్న హాస్టల్ గదిలో, మంచం కింద ఉంది. ఆ మాట చెప్పాను, ఫోటోలు కూడా చూపించాను. అప్పన్న ఖాళీ ఫోటో దగ్గరికి మళ్లీ వెనక్కి వెళ్లాడు.

"పిల్ల బతికే ఉన్నాదా?" అన్నాడు.

"రెండూ బతికాయి."

"మరింకేటండి" అని మట్టా కత్తీ నాకే ఇచ్చేశాడు.

ఒరలు ఆ వారమే తీయించేశాను. చెలమ మళ్లీ రోజూ కూలుతోంది, రోజూ సర్దుకోవాలి. జూన్లో పిల్లల ఫోటోలు అధికారికి ఇచ్చాను. ఆయన మాట నిలబెట్టుకున్నారు, ఆ భాగం వదిలేశారు. ఆరు పదహారు ఫోటో మాత్రం వాటిలో కలపలేదు. కలిపితే ఏమని రాయను?

ఇప్పుడు వేసవిలో మట్ట పెట్టేది నేనే, నేను లేని రోజు అప్పన్న. అదే కత్తితో, అవే మూడు గాట్లు. పోలమ్మ పాత చీర ఒకటి అప్పన్న ఇంట్లో ఉంటే ఒకసారి కట్టుకుని కూడా వెళ్లాను. అదే వేళకి, నెత్తి మీద గంప పెట్టుకుని. నవ్వుకోండి. అదే తల్లి నక్క, ఎడమ చెవి చిరిగి ఉంటుంది, పొరపాటు పడను. నన్ను ఆమడ దూరంలో చూసి దిబ్బ దాటేసింది. అప్పన్నని చూసినా అంతే. ఈ రెండేళ్ల ఫోటోలన్నీ తిరగేశాను. అది మనిషిని చూసి పారిపోకుండా, పక్కకి జరిగి చోటిచ్చి కూర్చున్నది పోలమ్మ వచ్చినప్పుడే.

పోలమ్మ పోయాక అలా కూర్చున్నది ఒక్కసారి, ఆ శనివారం పొద్దున. ఎవరికి చోటిచ్చిందో నాకు తెలీదు.